బూడిద పెట్ట కాలికట్టు

గంప ఎత్తినా బూడిద పెట్ట లేవలేదు.

మిగతా కోళ్ళు అప్పటికే వసారా చూరు కిందికి చేరి, ముసురుకు తడిసిన రెక్కలు విదిలించుకుంటున్నాయి. ఇది మాత్రం రాత్రి కప్పినప్పుడు ఎట్లా కూర్చుందో అట్లానే ఉంది. తోక నేలకు ఆనింది. ముక్కు తెరిచి ఊపిరి తీస్తోంది. ఎడమకాలు పక్కకు చాపుకుంది. ఆ కాలికి నాలుగు పొరకపుల్లలు, వాటి మీద గుడ్డ, గుడ్డ మీద ముడి.

లీలావతి వంగి చెయ్యి చాపింది.

"దాని జోలికి పోవాకు," అంది అత్త చంద్రకాంతమ్మ, వంటింటి గడప దగ్గర్నుంచి. చేతిలో రాగిజావ గిన్నె ఉంది.

"రాత్రి పెట్టిన నూకలు అట్నే ఉండాయి అత్తా. నీళ్ళు గూడా ముట్టల్యా."

"నేను తాపుతా. నువ్వు నీ పని సూసుకో. బస్సొస్తాది."

"బస్సు పైటాలకి గదా."

"అంతదాకా నీకు ఇంట్లో పనే లేదా?"

లీలావతి రేణిగుంటలో ఒక గోడౌనులో సరుకు పెట్టెలకెత్తే పని చేస్తుంది. మధ్యాహ్నం కంపెనీ బస్సు ఊరి మొగదలకొచ్చి హారన్ కొడుతుంది. రెండో హారన్‌కి మనిషి కనబడకపోతే వెళ్ళిపోతుంది. మొగుడు మంచాన పడ్డప్పటినుంచి ఆమె ఆ బస్సు ఒక్కరోజు కూడా తప్పలేదు.

వసారాలో నులకమంచం మీదనుంచి ప్రతాప్ నవ్వాడు.

"మీరిద్దరూ కొట్లాడుకోండి. నేనూ ఆ కోడీ సూస్తా ఉంటాము."

లారీ మీద టార్పాలిన్ తాడు బిగిస్తూ జారిపడి, ఎడమకాలి ఎముక మోకాలి కింద విరగ్గొట్టుకున్నాడు ప్రతాప్. పుత్తూరులో రెండు కట్లు అయ్యాయి. మూడోది వచ్చేవారం. నడుము నుంచి కింది దాకా దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. కట్టు కదిలితే ఎముక కదుల్తుందని ఎవరినీ దగ్గరికి రానివ్వడు.

చంద్రకాంతమ్మ గొంతుకూర్చుని, ఎడమచేత్తో కోడి ముక్కు తెరిచి, జావ పోసింది. కాస్త లోపలికి పోయింది. పోయినంతా బయటికి వచ్చేసింది.

"మింగుడు పడ్డంల్యా," అంది లీలావతి. అత్త వద్దంటున్నా కోడిని రెండు చేతులతో ఎత్తింది. ఎత్తగానే బరువు తెలిసింది. మూపు మీద ఎముక చేతికి గుచ్చుకుంటోంది. కింద కడుపు మాత్రం నీళ్ళు నింపిన సంచిలాగా వేలాడుతోంది.

"కాలు గాదత్తా. కడుపు."

"కాలే. నాకు తెల్సు."

"పట్టి సూడు."

"నువ్వు పుట్టకముందు నుంచి కోళ్ళు సాకినదాన్ని. దించు కిందికి."

పిట్టగోడ అవతలనుంచి పక్కింటి చెంగమ్మ తల కనిపించింది. ఆ ఇంట్లో ఏ గిన్నె దొర్లినా చెంగమ్మ తల ఆ గోడ మీదికి వస్తుంది.

"పుత్తూరు కట్టు కట్టించుకున్న కోడి ఈ జిల్లాలో మీదొక్కటే వదినా. కొడుక్కి మంచం, కోడికి గంప. ఇంగ ఆస్పత్రి బోర్డొకటి పెట్టేయండి."

"నీకు వేరే పనిలేదా చెంగమ్మా?"

"ఉండాది. మసాలా నూరేది. ఎప్పుడు కోస్తారో సెప్తే నూరి పెట్టుకుంటా. లేవలేని కోడిని కోసి కూర వండక, ఈ సేవలేంది?"

చంద్రకాంతమ్మ జవాబు చెప్పలేదు. జవాబు చెప్పకపోవడం ఆమెకు అలవాటు లేని పని. చెంగమ్మ కూడా అది గమనించి తల దించుకుంది.

లీలావతి కోడిని గంప పక్కన గోతం మీద పెట్టింది. పెట్టి, నేలను చూస్తూ అంది.

"డాక్టరమ్మకి ఫోన్ చేసినా. మన ఊర్లోనే కోళ్ళకి టీకాలేస్తా ఉందంట. వస్తాననింది."

"ఎవుర్ని అడిగి చేసినావు?"

"గింజలేసేది నేనే గదా. అడిగేదేముంది?"

మంచం మీద ప్రతాప్ నవ్వు ఆగిపోయింది.

* * *

డాక్టరు ప్రసన్నకుమారి స్కూటరు మీద వచ్చింది. ముందు టీకాల ఐసుపెట్టె, వెనక సంచి. రెయిన్‌కోటు విప్పకుండానే గోతం దగ్గర కూర్చుంది.

కోడి జుట్టు పట్టుకుని చూసింది. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంది. తోక ఎత్తి చూసింది. కడుపు మీద అరచెయ్యి ఆనించి నొక్కి, వదిలింది.

"గుడ్డు పెట్టి ఎన్నాళ్ళైంది?"

"దీపావళి ముందర తోలుగుడ్లు పెట్టింది మేడమ్," అంది లీలావతి. "పెంకు లేకుండా, మెత్తగా. ఆమీట గూట్లో పోయి కూర్చుంటాది, లేస్తాది, సూస్తే గుడ్డుండదు."

"నడక?"

"కొన్నాళ్ళు బాతు మాదిరి నడిచింది. ఆమీట కుంటింది."

"కుంటింది గాబట్టి కట్టు కట్టినారు."

"నేనే కట్టినా," అంది చంద్రకాంతమ్మ. "పుత్తూర్లో ఎట్ల కడతారో రెండు తూర్లు పక్కనుండి సూసినా. ఆకు పసురు పెట్టినా. గుడ్డు తెల్లసొన పూసినా. వెదురు బద్దలు ల్యాక పొరకపుల్లలు పెట్టినా. ఏం, తప్పా?"

"ఈ పక్క ఊర్లన్నిట్లో ఇదే అమ్మా. కుంటిందంటే చాలు, ఎముకంటారు. పోయినేడాది ఒకాయన మేకకి కట్టు కట్టి ఆటోలో తెచ్చినాడు. గిట్టలో ముల్లుండాది."

ప్రసన్నకుమారి సంచిలోనుంచి సిరంజి తీసి, కోడి కడుపు కింద గుచ్చి లాగింది. పసుపుపచ్చ నీళ్ళు వచ్చాయి. వాసన లీలావతి ముక్కుకు తగిలింది. ఎండాకాలంలో మురిగిన గుడ్డు పగిలితే వచ్చే వాసన.

"గుడ్డు సొన పోవాల్సిన దోవలో పోకుండా కడుపులో పడతా వచ్చింది. లోపలంతా చీము పట్టింది. ఆ బరువుకి నరం నలిగి కాలు ఈడ్చింది. కాలికేమీ కాలేదు. అప్పుడు కాలేదు. ఇప్పుడు ఈ కట్టు వల్ల అయింది."

"కట్టు వల్లా?" అంది చంద్రకాంతమ్మ.

"ఇట్లా పట్టుకో." డాక్టరు లీలావతి చెయ్యి పట్టుకుని కోడి కుడికాలి వేళ్ళ మీద పెట్టింది. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. తరువాత ఎడమకాలి మీద పెట్టింది. చల్లగా ఉన్నాయి. ముదురు రంగుకు తిరిగాయి. డాక్టరు కుడికాలి వేలు గిల్లింది. కోడి కాలు లాక్కుంది. ఎడమకాలి వేలు గిల్లింది. కోడి కదల్లేదు.

"కట్టు తడిసి ఆరింది. ఆరేకొద్దీ బిగుస్తాది. కింద రక్తం ఆడదు. మొదట వేళ్ళు చల్లబడతాయి. ఆమీట పట్టుకున్నా తెలీదు. నొప్పి గూడా ఉండదు. నొప్పి ల్యాకపోతే బాగుందనుకుంటాము."

మంచం కిర్రుమంది. ప్రతాప్ దుప్పటి పైకి లాక్కుంటున్నాడు.

"మందేదైనా ఇయ్యండి మేడమ్," అంది లీలావతి.

"తొలి తోలుగుడ్డు పెట్టిన నాడు తెచ్చుంటే ఏదో ఒకటి చేసేదాన్ని. నీ తప్పు గాదు. కోళ్ళు జబ్బు దాచుకుంటాయి. తెలిస్తే పక్క కోళ్ళు పొడుస్తాయి గదా. మన కంట్లో పడేసరికి ఆఖరికి వచ్చుంటాది. ఈ నీళ్ళు తీసేస్తే మళ్ళీ నిండుతాయి. ఇది బతకదు. ఇట్లా ఊపిరాడక ఇంకెన్నాళ్ళుండాలనేదే ఇప్పుడు మాట."

"అంటే?"

"నిద్ర మందొకటి ఇస్తా. పూర్తిగా నిద్రపోయినాక రెండోదిస్తా. దానికి తెలీదు. మందు పడిన కోడిని మాత్రం తినకూడదు. లోతుగా పూడ్చాల."

"వొద్దు," అంది చంద్రకాంతమ్మ.

"అమ్మా—"

"సెప్తిని గదా. వొద్దు."

డాక్టరు సిరంజి మూత పెట్టింది. వాదించలేదు.

"అవతల వీధిలో ఇంకా పనుంది. పోయేటప్పుడు ఇట్లే పోతా. ఆలోచన చేసుకోండి. కోడి మీది. మీరు వద్దంటే నేను చెయ్యను." స్కూటరు ఎక్కుతూ లీలావతితో అంది, "కట్టు మాత్రం విప్పెయ్. మిగతా కోళ్ళకి గుడ్డు పెంకులు దంచి గింజల్లో కలిపెయ్యి. వాటికి సున్నం చాలడంల్యా."

స్కూటరు సందు తిరిగింది.

* * *

"ఎందుకత్తా?" అంది లీలావతి. "నీ కంటితో సూస్తివి గదా ఆ నీళ్ళు."

"సూస్తిని."

"మరి?"

చంద్రకాంతమ్మ గిన్నె కడుగుతోంది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

"వాణ్ణి పుత్తూర్నించి తెచ్చిన దినం నేనేం చేస్తినో నీకు తెల్సునా?"

"దిష్టి తీసినావు."

"కోడితో దిగదుడిసినా. మూడు తూర్లు వాడి తల సుట్టూ తిప్పినా. ఈ కోడే అది."

లీలావతి గోతం వైపు చూసింది. ఆ పూట ఇంటినిండా జనం. అత్త చంకలో కోడితో బయటికి పోవడం చూసింది. ఏ కోడో చూడలేదు.

"దిగదుడిసిన కోడిని మూడు దోవల కాడ వదిలేసి రావాల గదత్తా. వెనక్కి తిరిగి సూడగూడదంటారు."

"వదిలినా. వెనక్కి తిరిగి సూడకుండా వచ్చినా. నేను పుల్లమ్మ అంగడి దాటి ఇంటికొచ్చేసరికి ఇది నాకంటే ముందొచ్చి గూట్లో కూసోనుండాది. దినం మార్చి దినం గుడ్డు పెడతా వచ్చిన కోడి. మళ్ళీ తీసుకపోయి వదిలేదానికి నాకు మనసు రాల్యా." ఆమె గొంతు తగ్గించింది. "వారం తిరక్కుండా కుంటింది. యా కాలు? ఎడమకాలు. వాడిది యా కాలు?"

లీలావతి చూపు మంచం వైపు పోయింది.

"వాడి మీదుండేది దీని మీదికి దిగిందమ్మే. ఇది మోస్తా ఉండాది. ఇది మోసినన్నాళ్ళు వాడికేం కాదు. మూడో కట్టు దాకా ఇది ఉండాల. మనమే మందేసి పంపిస్తే, ఆ కీడు యాడికి పోతాది? వచ్చిన ఇంటికే గదా."

లీలావతికి నవ్వు రాలేదు. ప్రతాప్ లారీ ముందు నిమ్మకాయలు కట్టేది ఆమే. ఒక అమావాస్యకు మరిచిపోయింది. ఆ పక్షంలోనే అతను పడ్డాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అత్త మాటకు ఎదురు చెప్పాలంటే ముందు తన లోపల ఉన్న ఆ మాటకు ఎదురు చెప్పుకోవాలి.

ఆమె వసారాలోకి వెళ్ళి మంచం కోడు పట్టుకుని నిలబడింది.

"నువ్వైనా సెప్పు మామా."

"ఏం సెప్పాల?"

"ఆ కోడి ఊపిరాడక సస్తా ఉండాది. నువ్వు సెప్తే అత్త ఇంటాది."

ప్రతాప్ చూరునుంచి పడుతున్న చుక్కల వైపు చూస్తున్నాడు. మూడు దోవల కాడ ఎవరో దిష్టి తీసి పోసిన ఎర్రన్నం మీదనుంచి లారీ పోనిచ్చి, ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పిన మనిషి అతను.

"అమ్మ సెప్పినట్టే ఉండనీ," అన్నాడు.

"నువ్వేనా అంటా ఉండేది?"

"ఉండనిస్తే నీదేం పోయింది? మూడో కట్టు దాకా ఉండనీ."

"దిగదుడుపులో నీకెప్పుడు నమ్మకం వచ్చింది?"

"కాలిరిగి పడుకుంటే నీకూ వస్తాది."

"నీకేమైనా అయిందా?"

"నాకేమైతాది? గమ్మున పోమ్మే. పో, అన్నం పెట్టు."

ఇంత కసురు అతని గొంతులో ఆమె ఎప్పుడూ వినలేదు. కసురు కింద ఇంకేదో ఉంది. ఏమిటో అందలేదు. లోపలికి వెళ్ళి సంకటి కెలికింది.

ముగ్గురూ తిన్నారు. చారు కావాలని ప్రతాప్ అడగలేదు. పొయ్యమంటావా అని చంద్రకాంతమ్మ అడగలేదు. గోతం మీదనుంచి కోడి ఊపిరి చప్పుడు, వానచుక్కల చప్పుడుతో కలవకుండా, విడిగా వినిపిస్తూనే ఉంది.

* * *

తిన్న పళ్ళెంలో మెతుకులు ఏరి చంద్రకాంతమ్మ వాకిట్లోకి వెళ్ళింది. నోటికి అలవాటైన పిలుపు పిలిచింది.

"బా బా బా బా."

కోళ్ళు పరిగెత్తుకుని వచ్చాయి. గోతం మీద బూడిద పెట్ట కూడా మెడ ఎత్తింది.

"నువ్వొద్దు. నువ్వుండు," అంది చంద్రకాంతమ్మ.

కోడికి ఆ మాట తెలియదు. తెలిసింది పిలుపు. నాలుగేళ్ళుగా ఆ గొంతు వినబడగానే రావడమే దానికి తెలుసు. రెండు రెక్కలూ నేలకు ఆనించి లేవబోయింది. పక్కకు ఒరిగింది. మళ్ళీ రెక్కలు ఆనించి, కడుపు బురదలో ఈడ్చుకుంటూ, కట్టు కట్టిన కాలు వెనక పడి వస్తుండగా, పిలిచిన మనిషి పాదాల దగ్గరికి వచ్చింది. మెతుకు ముక్కున పట్టుకుంది. వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది. వదిలేసింది.

ఎర్రపెట్ట ఒకటి వచ్చి దాని జుట్టు మీద పొడిచింది. ఇంకొకటి పొడిచింది.

చంద్రకాంతమ్మ పళ్ళెం విసిరి వాటిని తరిమింది. తరువాత బురదలోనే కూర్చుంది. కూర్చుని, ఇంకా మెతుకు కోసం ముక్కు చాపుతున్న కోడిని చూస్తూ ఉండిపోయింది.

"లీలా," అంది.

"ఊఁ."

"పిలు ఆ యమ్మని."

"అత్తా—"

"పిలు. నా మనసు మారకముందే పిలు."

లీలావతి ఫోన్ చేసింది. కత్తెర కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి, చంద్రకాంతమ్మ కోడి కాలు ఒడిలో పెట్టుకుని ముడితో పోరాడుతోంది.

"ఇటివ్వు, కత్తిరిస్తా."

"వొద్దు. నేనే కట్టినా, నేనే ఇప్పుతా."

ముడి రాలేదు. తెల్లసొన ఎండి రాయైంది. గోళ్ళు నొప్పెట్టి ఆమె చెయ్యి తీసింది. లీలావతి కత్తిరించింది. పసురు పట్టి నల్లబడ్డ గుడ్డ పీలిక ఒకటి చేతికి వచ్చింది. పుల్లలు నాలుగూ రాలాయి. పీలికను చంద్రకాంతమ్మ లాక్కోబోయింది. అప్పుడే స్కూటరు వచ్చింది. లీలావతి దాన్ని నీళ్ళతొట్టి గట్టు మీద పడేసింది.

ప్రసన్నకుమారి ఏమీ అడగలేదు. చంద్రకాంతమ్మ కోడిని ఒడిలోకి తీసుకుని, కొంగు దాని కళ్ళ మీద కప్పింది. మొదటి మందు పడ్డాక కోడి మెడ ఆమె మణికట్టు మీదికి వాలింది. ఊపిరి నెమ్మదించింది. డాక్టరు దాని కన్ను మీద వేలు తాకించి, రెప్ప కదలలేదని చూసి, రెండోది ఇచ్చింది. స్టెతస్కోపు ఆనించి విన్నది.

"అయిపోయింది."

"ఇంతేనా?"

"ఇంతే."

"మా ఇంటాయన పోయేదానికి ఎంత కష్టపడినాడో," అంది చంద్రకాంతమ్మ, ఎవరితోనూ కాకుండా.

గోడ మీద చెంగమ్మ తల ఉంది. ఈసారి మసాలా ఊసు ఎత్తలేదు.

"గడ్డపార ఉండాదా వదినా? మాది ఇచ్చేదా?"

"ఉండాది."

"కుక్కలు తవ్వుతాయి. పైన రాళ్ళు పెట్టు."

* * *

పెరట్లో నిమ్మచెట్టు కింద చంద్రకాంతమ్మ తానే తవ్వుతోంది. లీలావతి సాయం పోతే వద్దంది.

లీలావతి తొట్టి దగ్గర కత్తెర కడిగింది. గట్టు మీద పీలిక ముసురుకు నానుతోంది. పారేద్దామని చేతిలోకి తీసుకుంది. పసురు జారి వేళ్ళ మీదికి వచ్చింది. కింద నీలం రంగు కనబడింది. నీళ్ళలో జాడించింది. నీలం. అంచున ఎర్ర గీత.

ఆ చీర తనే కొన్నది. నగరిలో మగ్గం ఇంటికి పోయి, అత్తకు నీలమంటే ఇష్టమని ఏరి తెచ్చింది. చంద్రకాంతమ్మ దాన్ని ఒకే ఒక్కసారి కట్టింది. పాత గుడ్డలు పెట్టెడు ఉండగా, కోడి కాలికి ఈ చీర చించిందా?

చించినా, కోడి కాలికి జానెడు గుడ్డ చాలు.

లోపల దండెం మీద నీలం చీర మడిచే ఉంది. లీలావతి కొస పట్టి లాగింది. సగమే వచ్చింది. రెండో సగం లేదు. చింపు తిన్నగా ఉంది. తొందరలో చించింది కాదు, కొలిచి చించింది.

ఊరి మొగదల బస్సు హారన్ కొట్టింది.

సగం చీర చేతిలో పట్టుకుని ఆమె వసారాలోకి వచ్చింది. పెరట్లో గడ్డపార చప్పుడు ఆగింది.

ప్రతాప్ కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయే మనిషి రెప్పలు అట్లా కదలవు.

"మామా."

ఆమె దుప్పటి కొస ఎత్తింది.

పైన పుత్తూరు వాళ్ళు చుట్టిన తెల్లగుడ్డే ఉంది. ఉతికిన తెల్లగుడ్డ. దాని కింద, చీలమండ దగ్గర, వేలెడంత నీలం బయటికి కనబడుతోంది. ఎర్ర గీత. ఆ మీద ముడి. గడ్డిమోపుకు చంద్రకాంతమ్మ వేసే ముడి, లాగేకొద్దీ బిగిసేది. కాసేపటి కిందట లీలావతి కత్తిరించిన ముడి.

"ఎప్పుడు?" అంది లీలావతి.

"ఏంది ఎప్పుడు?"

"ఎప్పుడు తడిసింది?"

ప్రతాప్ కళ్ళు తెరిచాడు.

"పోయిన వారం. నువ్వు డ్యూటీలో ఉంటివి. నా బండికి ఇంకొకణ్ణి పెడతా ఉండారని తెలిసింది. ఓనర్ని సూసొద్దామని చెంగమ్మ కొడుకు బైకు మీద రేణిగుంటకి పోయినా. వచ్చేటప్పుడు వాన."

"పుత్తూరికి పోలేదా?"

"పోతే నీకు తెలుస్తాది గదా. బైకెక్కినానంటే నువ్వూ తిడతావు, కట్టినాయనా తిడతాడు. కట్టు ఊడొచ్చింది. అమ్మ మళ్ళీ కట్టింది. బద్దలు అవే. తెల్లసొనే. అంతా అట్లే చేసింది. వారంలో మూడో కట్టు, అప్పుడు సరైపోతాది అనుకున్నాము."

పెరటి వాకిలి దగ్గర చంద్రకాంతమ్మ నిలబడి ఉంది. చేతులకు మన్ను.

"దుప్పటి ఎందుకు కప్పుతా ఉండావు?"

"చలి."

"డాక్టరమ్మ సెప్పిందంతా విన్నావు."

"విన్నా. అది కోడి. నేను బాగుండాను. నొప్పి గూడా ల్యా. మొదుట్లో రాత్రంతా లాగేది. మూడు దినాలుగా నొప్పే ల్యా."

"నొప్పి ల్యాకపోతే తగ్గినట్టే గదా," అంది చంద్రకాంతమ్మ. అడిగినట్టు అంది. ఎవరు జవాబు చెబుతారా అని ఇద్దరి ముఖాల్లోకీ చూసింది.

బస్సు రెండోసారి హారన్ కొట్టింది. లీలావతి కదల్లేదు. బస్సు గేరు మార్చి వెళ్ళిపోయిన చప్పుడు ముగ్గురికీ వినబడింది.

ఆమె మంచం చివర కూర్చుంది.

"గోడ పక్కకి తిరుగు."

"ఎందుకు?"

"తిరుగు మామా."

ప్రతాప్ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నవ్వబోయాడు.

"నన్ను గూడా కొంగు కప్పి పంపిస్తారా ఏంది?"

"నీ కాలిది యా ఏలు పట్టుకున్నానో సెప్పు," అంది లీలావతి.

"పట్టుకో, సెప్తా."

లీలావతి మాట్లాడలేదు. చంద్రకాంతమ్మ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. ఆమె చూపు కోడలి చేతి మీద ఉంది.

"ఏం, పట్టుకోవా?" అన్నాడు ప్రతాప్ గోడతో. "బిన్నా కానీ, ఎంతసేపు? మెడ నొప్పి పుడతా ఉండాది."

లీలావతి పిడికిలిలో అతని బొటనవేలు ఉంది. గోరు గుచ్చుకునేటట్టు పట్టుకుంది.